ఊరికే వచ్చినాను

మావయ్య పోయారన్న సంగతి అందరికంటే ముందు ఊరందరికీ చెప్పింది నేనే. గొప్పకి చెప్పుకోవడం లేదు. చెప్పుకోకపోతే ఆయన గురించి ఇంకేం రాసినా అబద్ధమవుతుంది.

ఆ రోజు పదకొండింటికి నేను కలకత్తా సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒక స్నేహితురాలితో చాట్‌లో పోట్లాడుతున్నాను. అమ్మ ఫోన్ చేసింది. "ఒలే, మావయ్య పోయారే. బజారు నుంచొచ్చి మంచినీల్లడిగినారట, గ్లాసు అందుకోనేదు." ఆ తర్వాత కూడా అమ్మ ఏదో చెబుతూనే ఉంది. నేను వినలేదు. ఏడుపొస్తే నాకు ఎదుటి మనిషి మీద కోపమొస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. ఫోన్ కట్ చేశాను. రెండు నిమిషాల్లో గ్యాలరీలోంచి ఆయన ఫోటో వెతికి, లిలువా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు నాలుగు వరసలు రాశాను. దణ్ణం పెట్టే చేతులు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది.

ఆ గ్రూపులో వదిన కూడా ఉంది. మావయ్యకి ఒక్కగానొక్క కూతురు. అప్పటికి ఆమెకి తెలీదు.

నేను వినకుండా కట్ చేసిన మాటలు ఇవీ: "వదినకి ఇంకా చెప్పలేదు. నాన్నకి ఒంట్లో బాగోలేదని చెప్పి బయల్దేరమన్నాం, దమ్‌దమ్ నుంచి మెట్రోలో వస్తంది. నువ్వు ఎస్ప్లనేడ్‌లో కలుసుకుని, ఏటీ చెప్పకుండా, దగ్గరుండి ఇంటికి తీసుకురా." అమ్మ నాకు ఫోన్ చేసిందే అందుకు. గంట ఆగి ఉంటే వదిన ఇంట్లో ఉండేది, తల్లి పక్కన. నేను ఆగలేదు. అదీ ఎవరి విషయంలో? ఒక్కరికీ ఒంటరిగా చావు కబురు చెప్పకూడదని జీవితమంతా పట్టుబట్టిన మనిషి విషయంలో.

మావయ్య అంటే అమ్మకి అన్నయ్యో తమ్ముడో కాదు. లిలువా రైల్వే క్వార్టర్స్‌లో తెలుగు పిల్లలందరికీ ఆయన మావయ్యే, ఆయన భార్య అత్తే. కార్ఖానా టైమాఫీసులో గుమాస్తాగా చేసేవారు, ఎవరు డ్యూటీకి వచ్చారో ఎవరు రాలేదో రాసుకునే పని. మా నాన్నవాళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో క్వార్టర్లలో ఫోన్లు లేవు. పలాస నుంచి, టెక్కలి నుంచి, బొబ్బిలి నుంచి ఏ కబురైనా టైమాఫీసు ఫోనుకే వచ్చేది. మంచి కబురైతే ఉత్తరం రాస్తారు. కాబట్టి మావయ్య చెవిలో పడేవన్నీ రెండో రకమే. అలా ఎవరూ అప్పజెప్పకుండానే ఆ పని ఆయన మీద పడింది. చేతిచేతికీ ఫోన్లు వచ్చాక కూడా పోలేదు. ఊరి నుంచి వాళ్ళు ఆయన నంబరుకే చేసేవారు: "మీరైతే చెప్పగలరు."

దీనివల్ల ఒక చిక్కొచ్చింది. మావయ్య వేళకాని వేళ మా వీధిలో కనిపిస్తే చాలు, ఆడవాళ్ళు పొయ్యి కట్టేసి గుమ్మాల్లోకి వచ్చేవారు. ఎవరింటి వైపు తిరుగుతారా అని ఊపిరి బిగబట్టి చూసేవారు. అందుకని ఆయన వీధి మొదట్లోనే చెయ్యెత్తి కేకేసేవారు: "ఏటీ లేదు! ఊరికే వచ్చినాను!" ఉగాది పచ్చడి గిన్నెతో వచ్చినా అదే కేక. మా ఇంట్లో ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినా అదే కేక. పిల్లలం దాన్నొక ఆట చేసుకున్నాం. ఒకరు తలుపు కొట్టి "ఊరికే వచ్చినాను" అనాలి, లోపలున్నవాళ్ళు గుండె పట్టుకుని పడిపోవాలి.

ఒక పెళ్ళిలో అయితే ఏకంగా మండపం గుమ్మంలో నిలబడి అరిచారు. మగపెళ్ళివారు కొత్తవాళ్ళు, బిత్తరపోయి చూశారు. అత్త తల కొట్టుకుంది.

"ఏటండీ ఆ అరుపు? పెల్లికి ఊరికే వస్తారేటి ఎవులైనా?"

"మరి ఆ ముసలమ్మ నన్ను సూసి మంచం కోడు పట్టుకున్నట్టు కుర్చీ పట్టుకుంది. సూడనేదా నివ్వు?"

అరవకుండా వస్తేనే భయం. అప్పుడు చేతిలో సంచీ ఉండేది. అందులో బఠాణీకాయలో, చిక్కుడుకాయలో, తోటకూరో. చెప్పులు విప్పి, "ఇంట్లో అందరూ ఉన్నారేటి?" అని అడిగేవారు. ఎవరైనా లేకపోతే వాళ్ళొచ్చేదాకా కూర్చునేవారు, గంటైనా రెండు గంటలైనా. అందరూ చేరాక, పోయినవాళ్ళ పేరొక్కటే చెప్పి ఊరుకునేవారు. ఇంకేం చెప్పక్కర్లేకపోయేది.

ఆ తర్వాత ఆయన చేసేదే చాలామందికి నచ్చేది కాదు. లేచి వెళ్ళిపోరు. ఓదార్చరు. దేవుడి మాటెత్తరు. గది మధ్యలో సంచీ బోర్లించి, "వలవండి" అనేవారు. చావు కబురొచ్చిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, వలిచిన గింజలు అత్త తీసుకెళ్ళి తమ ఇంట్లో వండి తెచ్చేది. "ఇయ్యాల ఎవులూ ఏరే గదిలోకి ఎల్లకండి. అందరూ ఒక్క గదిలోనే ఉండండి. ఏడిస్తే ఇక్కడే ఏడండి, చేతులు మాత్రం ఆపకండి." కొందరు ఆయన వెళ్ళాక తిట్టుకునేవారు, రాయిగుండె మనిషని. నేను ఎదురుగానే తిట్టాను.

నాన్న పోయినప్పుడు నేను గరియాహట్ దగ్గర కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న పెదనాన్నని చూడ్డానికి పలాస వెళ్ళారు. అక్కడ రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. కబురు మధ్యాహ్నం పన్నెండింటికి మావయ్యకి వచ్చింది. ఆయన అత్తని మా అమ్మ దగ్గర కూర్చోబెట్టి, పలాస వాళ్ళకి "పిల్లలెవులికీ ఫోన్ చెయ్యకండి" అని చెప్పి, నా కోసం కాలేజీకి వచ్చారు. "ఇటేపు పనుండి వచ్చినాను, కలిసెల్దాం" అన్నారు. నాకు అనుమానం కూడా రాలేదు. వస్తే ఎలా? చెవుల్లో పాటలు, చేతిలో ఫోను.

ఇంటికి చేరేసరికి ఆరయింది. తమ్ముడు లెక్కల పరీక్ష రాసి వచ్చి ఉన్నాడు. మావయ్య చెప్పులు విప్పి, లోపలికొచ్చి, నాన్న పేరు చెప్పి ఊరుకున్నారు.

అమ్మ గోడకి జారబడింది. తమ్ముడు వెళ్ళి అమ్మని పట్టుకున్నాడు. నేను ఫోన్లో టైం చూశాను, ఎందుకో ఇప్పటికీ తెలీదు.

"మీకెప్పుడు తెలిసింది?"

"పన్నెండింటికమ్మా."

"ఆరు గంటలా! అన్నీ తెలిసి నా పక్కన కూర్చుని వచ్చారు! నేను నవ్వాను కూడా! మా నాన్న అక్కడ అలా ఉంటే నేను నవ్వాను! మీకెవరిచ్చారు ఆ హక్కు?"

"ఎవులూ ఇవ్వనేదమ్మా," అన్నారు మావయ్య. "నానే తీసుకున్నాను."

సంచీ బోర్లించారు. చిక్కుడుకాయలు. నేను కాలితో తన్నాను. నిజంగానే తన్నాను, కాయలు మంచం కిందకీ బీరువా కిందకీ పోయాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఏరడం మొదలెట్టారు. తమ్ముడు వంగాడు. కాసేపటికి అమ్మ కూడా పాకుతూ వచ్చి మంచం కింద చెయ్యి పెట్టింది. నేను తప్ప అందరూ నేల మీద ఉన్నారు. అప్పుడు మావయ్య తమ్ముణ్ణి అడిగారు: "లెక్కల పేపరు ఎలగుంది నాయనా?"

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. కానీ తమ్ముడు చెప్పడం మొదలెట్టాడు. త్రిభుజం లెక్క ఒకటి సగంలో ఆగిపోయిందని, బొమ్మలో గీతలు కలిసిపోయాయని. అమ్మ ముక్కు చీదుకుంటూ, "బొమ్మ పెద్దగా గియ్యమని నాన్న ఎన్నిసార్లు చెప్పినార్రా నీకు" అంది. నాన్న గురించి ఆ గదిలో పడిన మొదటి మాట అది. ఒక తిట్టు. తమ్ముడు నవ్వబోయి, ఏడ్చాడు. నేను కింద కూర్చున్నాను. ఒక కాయ తీసి ఈనె లాగాను.

ఆ రాత్రి గురించి ఇప్పుడు అడిగితే ఏడుపు అంతగా గుర్తులేదు. మా ముగ్గురి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతూ ఉండడం గుర్తుంది. తమ్ముడు నాన్న గురక నకలు చేస్తే అమ్మ వాడి వీపు మీద కొట్టడం గుర్తుంది. అయినా కోపం పోలేదు. ఏడాది పైగా మావయ్యతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం వీధి మొదట్లో కేకేసి మరీ వచ్చేవారు. నేను లోపలి గదిలోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. "ఊరికే వచ్చినాను, నివ్వు రానక్కర్లేదులే" అని గోడకి చెప్పి, అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయేవారు.

ఆయనకొక పాత బటన్ల ఫోనుండేది. అది మోగితే లేచి నిలబడేవారు. అన్నం తింటున్నా, మంచం మీదున్నా, ముందు నిలబడి, తర్వాతే చెవి దగ్గర పెట్టుకునేవారు. ఫోన్ కంపెనీ ప్రకటన కాల్‌కి కూడా ఆయన సావధాన్‌లో నిలబడి విన్నారని మేమంతా ఏడిపించేవాళ్ళం.

నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి అడిగారు. అప్పటికి మళ్ళీ మాట్లాడుతున్నాను.

"మీ ఆఫీసులో ఎవులికైనా ఇలాటి కబురొస్తే ఎవులు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు మావయ్యా. ఫోనొస్తుంది. లేచి బయటికెళ్ళి మాట్లాడుకుంటారు."

"బయటికంటే?"

"మెట్ల దగ్గరకో, లిఫ్టు దగ్గరకో."

"ఒక్కులేనా?"

"మరి? పోయిన నెల మా టీంలో ఒకమ్మాయికి అలాగే వచ్చింది. లిఫ్టు దగ్గర కూర్చుని ఏడ్చింది పాపం."

"మరి నివ్వేటి చేసినావు?"

"నాకు మీటింగుంది."

నేను ఫోన్ చూసుకుంటూనే చెప్పాను ఆ మాట. తలెత్తేసరికి ఆయన నన్ను చూస్తున్నారు. కోపంగా కాదు. జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అని గెలిచేదాన్ని.

మావయ్య పోయిన రోజు నేను లిలువా చేరేసరికి వదిన వచ్చేసి ఉంది. నన్ను చూడలేదు. చూసి మొహం తిప్పుకున్నా బాగుండేది, అసలు నేను లేనట్టే ఉంది. శ్మశానఘాట్ నుంచి అందరూ తిరిగొచ్చి స్నానాలయ్యేసరికి సాయంత్రం ఐదయింది. అత్త చాప మీద కూర్చుంది. పక్కన వదిన. మా అమ్మ ఇంటి నుంచి సంచీ తెచ్చి మధ్యలో బోర్లించింది, బఠాణీకాయలు. తమ్ముడు వలుస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళే మొహం లేదు. వెళ్ళిపోతే, ఇక ఆ ఇంటికి నేను ఎప్పటికీ రాలేనని తెలుసు.

"గుమ్మంలో ఎందుకు?" అంది వదిన, కాయలోంచి తలెత్తకుండా. "అందరూ ఒక్క గదిలోనే ఉండాలి కదా. ఆ మాత్రం కూడా తెలీదేటి నీకు?"

వెళ్ళి కూర్చున్నాను.

"ఫోటో బాగుంది," అంది. "ఎక్కడిది?"

"వదినా..."

"అడుగుతున్నాను కదా. ఎక్కడిది?"

"మా డాబా మీద. పోయిన చలికాలం."

"గిరీశ్ పార్క్ స్టేషన్‌లో చూశాను. లోపల సిగ్నల్ లేదు, అక్కడాగగానే వరసపెట్టి వచ్చాయి. దణ్ణాలు, దణ్ణాలు, దణ్ణాలు. ఎవరికా అని పైకి జరిపాను." వదిన గొంతు మామూలుగానే ఉంది, అదే భరించలేకపోయాను. "పక్కన ఒక బెంగాలీ పెద్దావిడ కూర్చుంది. 'కీ హోలో మా?' అంటూ ఏమైందని అడిగింది. ఫోన్ చూపించాను. అక్షరాలు చదివింది, అర్థం కాలేదు. నీ తెలుగు కదా. చివరికి ఫోటో మీద వేలు పెట్టి, 'బాబా?' అంది, నాన్నా అని."

తమ్ముడి చేతులాగిపోయాయి.

"ఆవిడ ఎస్ప్లనేడ్‌లో నాతో పాటు దిగింది. హౌరా దాకా వచ్చింది. ఆవిడ ఎక్కడ దిగాలో కూడా అడగలేదు నేను." అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వుండాల్సిన చోట ఆవిడుంది."

నాకు సారీ అనే మాట నోటి దాకా వచ్చింది. ఆఫీసు మెయిల్లో రోజుకి పదిసార్లు రాస్తాను ఆ మాట. అనలేకపోయాను. మామూలుగా అయితే ఈపాటికి నేను అరిచి, అక్కడ్నుంచి లేచిపోయేదాన్ని. కూర్చునే ఉన్నాను.

అత్త అంది, ఎవరికీ కాకుండా, బఠాణీలతో అన్నట్టు: "ఆయనెప్పుడూ ఒక్కులే ఇన్నారు. ముప్పై ఏల్లు. అందరికీ ఈయన చెప్పీవోరు. ఈయనకెవులు చెప్పీవోరు? ఆ ఫోనే. ఇనీసి, నిలబడిపోయి, గోడకేసి సూసి, అప్పుడు సంచీ అడిగీవోరు నన్ను. ఈల్ల నాన్నప్పుడు తప్ప నాకూ చెప్పీవోరు కాదు, ఆ ఇంటోల్లకి ముందు తెలవాలని."

వదిన తల్లి భుజం మీద తల పెట్టింది. కొంచెంసేపయ్యాక, అక్కడ్నుంచే నన్నడిగింది.

"మీ నాన్న రోజున, నిన్ను కాలేజీ నుంచి తీసుకొచ్చినప్పుడు, నాన్న ఏం మాట్లాడారు?"

"ఏం?"

"అంతసేపు నీతో ఉన్నారు కదా. మాకెప్పుడూ చెప్పలేదు. అలాంటివి ఇంట్లో చెప్పేవారు కాదు. నాకంతా కావాలి. మొదట్నుంచి చెప్పు."

ఆ గంటల్ని నేను ఇన్నేళ్ళూ ఆయన మీద నేరంగానే దాచుకున్నాను. వాటిలో ఏముందో ఎవరికీ చెప్పలేదు. చెప్పడం మొదలెట్టాను.

"కాలేజీ గేటు దగ్గర నించున్నారు. క్యాబ్ బుక్ చేస్తానన్నాను. వద్దు, ట్రామెక్కుదామన్నారు. నాకు ఒళ్ళు మండింది. గరియాహట్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా ట్రాములో ఎవరెళ్తారు?"

"ఎక్కడ కూర్చున్నారు?"

"కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టారు. ఎక్కగానే కండక్టర్‌తో, 'దాదా, ఎకటు ఆస్తే' అన్నారు."

"మెల్లగా పోనిమ్మనా? ట్రామునా?" తమ్ముడు నోరు తెరిచాడు.

"ఆ. కండక్టర్ ఏమన్నాడో తెలుసా? 'బాబాయ్, ఇంతకంటే మెల్లగా కావాలంటే దిగి నడవండి' అన్నాడు బెంగాలీలో. ట్రామంతా నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. ఆయన కూడా నవ్వి, 'నడుద్దామా?' అన్నారు నాతో."

అత్త ఫక్కున నవ్వింది. వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు వెనక నవ్వుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "పరీక్షయ్యి తమ్ముడు ఇంటికి రావాలి కదే. అందాకా తిప్పమని నానే చెప్పినాను."

"తర్వాత?" అంది వదిన.

"తర్వాత బాబూఘాట్ దాకా నిజంగానే నడిపించారు. ఝాల్‌మూరీ మరమరాలు కొన్నారు, రెండు పొట్లాలు. తనది కూడా నాకే ఇచ్చేశారు. కారం ఎక్కువైందన్నారు. అబద్ధం."

"అబద్ధమే. పచ్చిమిరపకాయ కొరుక్కుని తినే మనిషి," అంది అమ్మ.

"నది దాటడానికి లాంచీ ఎక్కాం. ఎండ బాగా ఉంది. ఆయన రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. నేను ఫోన్లో ఒక పిల్లి వీడియో చూపించాను, అద్దంలో తనని తానే చూసుకుని పారిపోయేది."

"నాన్న చూశారా?"

"మూడుసార్లు చూశారు. మళ్ళీ పెట్టమన్నారు."

"నవ్వారా?"

"నవ్వారు."

"నిజంగా నవ్వారా, నీ కోసమా?"

నేను ఆలోచించాను. నీళ్ళ మీద ఎండ, హౌరా బ్రిడ్జి, ఆయన తెల్లచొక్కా, అన్నీ కనిపిస్తున్నాయి. మొహం దగ్గరికొచ్చేసరికి తెలీడం లేదు. ఆ రోజు నేను ఆయన మొహం చూడలేదు. పిల్లిని చూస్తున్నాను.

"తెలీదు వదినా," అన్నాను. నాకు అప్పుడొచ్చింది ఏడుపు. ఎవరి మీదా కోపం రాకుండా వచ్చిన ఏడుపు, నాకు అలవాటు లేనిది. వదిన చూస్తూ కూర్చుంది, ఆపమనలేదు. బఠాణీలున్న పళ్ళెం మాత్రం నా ఒళ్ళో పెట్టింది. వలిచాను.

కాసేపటికి అమ్మ ఆ గింజలు పట్టుకెళ్ళి, మా ఇంట్లో వండి, అన్నంతో తెచ్చింది. ఆ ఒక్క గదిలోనే పళ్ళాలు పరిచాం. చోటు చాలక తమ్ముడు తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. అత్త తిననంది, తర్వాత రెండు ముద్దలు తింది, తర్వాత కూరలో ఉప్పు తక్కువైందని మా అమ్మని తప్పుబట్టింది.

వదిన నా పళ్ళెంలో అన్నం పెడుతూ, గొంతు తగ్గించి, "నీ మీద కోపం పోలేదు" అంది.

"తెలుసు."

"ఎప్పుడు పోతుందో కూడా తెలీదు."

"ఊఁ."

ఇంకో గరిటె వేసింది. చాలని నేను చెయ్యి అడ్డం పెడితే పక్కకి తోసేసింది.

"రేపు సెలవు పెట్టు. పొద్దున్నే రా," అంది. "మనమింకా లాంచీ దిగలేదు."